ధర్మపురి జావళులు - సభామందిరములు

తమిళదేశమున స్థిరపడిన తెలుగువారు నలుగురు చేరినచోట తప్పక వినవచ్చు మాట యొకటి కలదు. దక్షిణదేశ సంగీతమునకు తెలుగే భాష యనుట. క్షేత్రయ్యను, త్యాగరాజును, శ్యామశాస్త్రిని వరుసగా పేర్కొని, పాడువారు తమిళులైనను పాట మనదే గదా యని తృప్తిపడుట మనకు వాడుక. ఈ తృప్తి యెంతవరకు నిజమో తెలిసికొనుటకు గ్రంథములు తిరుగవేయ నక్కరలేదు. ఏదేని యొక సభకు పోయి, వెనుక వరుసలో కూర్చుండి, చుట్టును కలయజూచిన చాలును. తెలుగుపాట పాడుచుండగా దాని మాట తెలిసి తలయూచువా రెందరు? అట్లు తెలిసినవారిలో కడవరకు కూర్చుండువా రెందరు? లెక్కపెట్టుటకు రెండు చేతుల వ్రేళ్లు చాలును.

ఈ విషయమును త్యాగరాజకృతులమీద నుంచి విమర్శించుట న్యాయము కాదు. భక్తి యను గొప్ప యాలంబన ముండుటచే మాట తెలియనివానికిని కృతి కొంత చేరును. రాగమే ప్రధానముగా వినువానికిని అందు లోటు కనబడదు. మాట తెలియకున్నచో సగము చచ్చిపోవు పాటను పరీక్షకు తీసికొనవలెను. అట్టిది జావళి. జావళికర్తలలోను మన యూరివానినే తీసికొనుట మంచిది. ధర్మపురి సుబ్బరాయరు గారి జావళులు, వానిని విన్న గదులు, పాడిన మందిరములు, వినని మనము - ఇది యీ వ్యాసమునకు విషయము.

ముందుగా నొక చిన్నమాట. ధర్మపురి యనగానే ఆంధ్రదేశమందలి చదువరులకు గోదావరీతీరమునగల నృసింహక్షేత్రము, శేషప్పకవి శతకము స్ఫురించును. మన ధర్మపురి వేరు. ఇది తమిళుల పురాతన తగడూరు, అదియమానుల రాజధాని, పిమ్మట హేమావతినుండి వచ్చిన నొళంబుల పాలనలో నున్నది, ఆంగ్లేయుల కాలమునుండి 1965 వరకు సేలము జిల్లాలో చేరియుండినది. తెలుగు, కన్నడము, తమిళము కలిసి మాటాడు ప్రదేశము. కన్నడదేశపు గాలి సోకినదని పలువురు చెప్పు జావళి, తెలుగుమాటతో, తమిళుల నోట, ఈ యూరి పేరుతో ప్రసిద్ధికెక్కుటలో వింత లేదు.

సుబ్బరాయరు గారు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునను ఇరువదవ శతాబ్ది తొలిదినములందును ఉండినవారు. వారి జావళులలో ముద్ర తమ పేరు కాదు, ఊరి పేరు. క్షేత్రయ్య మువ్వగోపాలుని నిలిపినట్లు, పట్టాభిరామయ్య తలవనపురీశుని నిలిపినట్లు, వీరు ధర్మపురిని నిలిపిరి. పాట చివరికి వచ్చుసరికి గాయకుడు ధర్మపురి యని పలుకవలసినదే. చెన్నపురిలో ఈ యూరెక్కడ నున్నదో తెలియని వారుకూడ ఖమాసు రాగములో దీనిపేరు పలికిరి. ఒక యూరికి ఇంతకంటె గౌరవము మరేమి కావలెను? ఐనను ఈ యూరిలో వీథికి నలుగురి నడిగి చూచితిని. సుబ్బరాయరు పేరు విన్నవారు అరుదు.

జావళిని గూర్చి మన పండితులలో నొక చులకనభావము కలదు. పదమునకు చెల్లెలనియు, అందులోను కొంచెము తుంటరి చెల్లెలనియు చూచుట పరిపాటి. పదము విళంబముగా నడచును. నాయిక వేదన లోతుగా నుండును. నాయకుడు దేవుడనుకొనుటకు వీలుండును. జావళి నడక చుఱుకు. ఆదితాళముననో రూపకముననో మిశ్రచాపుననో ఎగురుచు పోవును. కాపి, బేహాగు, ఖమాసు, పరజు, యమునాకల్యాణివంటి మెత్తని రాగములను కోరును. నాయకుడు పొరుగువీథివాడే యనిపించును. శృంగారము పచ్చిగా నున్నదని యొకరు, సాహిత్యము పలుచనగా నున్నదని యొకరు త్రోసివేయుదురు. మొదటి యాక్షేపణ పుట్టిన కాలమును చూడవలెను. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు వేశ్యల మేజువాణీలకు పోవలదని గవర్నరుకును వైస్రాయికిని అర్జీలు పంపుకొనిరి. ఆ యుద్యమమున న్యాయ మున్నది. కాని పాడు స్త్రీమీది కోపము పాటమీదికి ప్రాకినది. రెండవ యాక్షేపణకు మాత్రము సూటిగా సమాధానము చెప్పవలసియున్నది.

సుబ్బరాయరు గారి నాలుగు జావళుల యెత్తుగడలను మాత్రము గమనింపుడు. ఖమాసులో "మోడి చేసేవేలరా". చెంచురుట్టిలో "సఖి ప్రాణసఖుడిటు జేసెనే". యమునాకల్యాణిలో "అది నీపై మరులుకొన్నదిరా". కాపిలో "పరులన్న మాట". మొదటిది నాయిక తిన్నగా నాయకునితో ననునది. రెండవది నాయిక చెలికత్తెతో ననునది. మూడవది చెలికత్తె నాయకునియొద్దకు పోయి నాయికనుగూర్చి చెప్పునది. నాలుగవదానిలో ఇరువురి నడుమ లోకము వచ్చి నిలిచినది. ఎవరో ఏదో చెప్పిరి, ఆ మాట ఆయన చెవిని పడినది. ఈ భేదమంతయు తెలిపినది వర్ణనలు కావు, సమాసములు కావు. "రా" యను ఒక యక్షరము, "నే" యను ఒక యక్షరము. ఎదుట నున్నది పురుషుడో, చెలియో ఆ చివరి యక్షరముచేతనే తెలియును. "అది" యను సర్వనామము మఱింత చిత్రము. ఆడుదానిని "అది" యని మరియొక యాడుది చనువుతో ననునప్పుడు ఆ చెలికత్తెకు నాయికతో గల సాన్నిహిత్య మెంతటిదో వేరే చెప్పనక్కరలేదు. "ఆమె" యని మార్చినచో పాట మర్యాదగా చచ్చిపోవును. "మోడి" యను మాటకు మొండితనము, బిగువు, అలుక - మూడును గలిసిన ఛాయ కలదు. ఇట్టి మాట యింటిలో పుట్టును గాని నిఘంటువులో పుట్టదు.

సాహిత్యము పలుచన యనువారు ఇది చూడలేదని నా యభిప్రాయము. గిడుగువారును గురజాడవారును వ్యావహారికమునకై పోరాడుచున్న తరముననే, ఏ వాదమును చేయక, సేలము జిల్లాలో నొకాయన పలుకుబడిని పలుకుబడిగానే పాటలో పెట్టెను. ఆయనను వ్యావహారికోద్యమపు పెద్దల సరసన కూర్చుండబెట్టుమని నేననుట లేదు. కాని తెలుగు వాక్యము ఎదుటివానిని బట్టి యెట్లు వంగునో తెలిసిన కవియని ఒప్పుకొనక తప్పదు.

కావున జావళి యొక మనిషి మరియొక మనిషితో అతిసమీపమున నుండి చెప్పు మాట. ఈ సామీప్యమే దాని ప్రాణము. ప్రతి కళకును కర్తకును ప్రేక్షకునికిని నడుమ నుండవలసిన దూర మొకటి యుండును. ఆ దూరము పెరిగినను తరిగినను కళ చెడును. జావళికి తగిన దూరము పది పండ్రెండు అడుగులు.

ఆ దూరము దానికి దొరకిన తావు చెన్నపురిలో నొకటుండెను. జార్జిటౌనులో రామకృష్ణచెట్టి వీథిలో వీణ ధనమ్మాళ్ ఇల్లు. 1867లో పుట్టి 1938లో గతించిన యా విదుషీమణి ఇంట శుక్రవారము సాయంకాలమున వీణ మ్రోగెడిది. పెద్ద విద్వాంసులు, రసికులు వచ్చి చాపమీద కూర్చుండి వినెడివారు. ఆమె వీణనాదము మిక్కిలి సన్ననిది. గోటితో మీటునప్పుడు కలుగు శబ్దము తప్ప గదిలో మఱొక శబ్దముండరాదు. వినువారి దగ్గుకూడ ఆమెకు సరిపడదని చెప్పుకొనెడివారు. వాయించుచు వాయించుచు నడుమ గొంతెత్తి పాడుటయు నుండెను. అంధుడైన బాలదాసు నాయుడుగారి యొద్ద ఆమె క్షేత్రయ్య పదములు నేర్చినది. సుబ్బరాయరు గారు ఆ యింటికి ఆప్తులు. వారి జావళులు ఆ గదినుండియే లోకమునకు వచ్చినవనిన అతిశయోక్తి కాదు. తరువాత వానిని కాపాడినవారును ఆ యింటివారే. ధనమ్మాళ్ మనుమరాండ్రైన టి. బృంద, టి. ముక్త పాడిరి, మరియొక మనుమరాలు బాలసరస్వతి ఆడినది. 1960లో మద్రాసు సంగీత విద్వత్సభవారు బృందగారు కూర్చిన జావళుల సంపుటమును ప్రకటించిరి. పట్టాభిరామయ్య, ధర్మపురి సుబ్బరాయరు, తిరుపతి నారాయణస్వామి మున్నగువారి రచనలు అందు స్వరసహితముగ నున్నవి. ఆ సంపుటమే లేనిచో ఈ వ్యాసమునకు ఆధారమే యుండెడిది కాదు.

ఆ గదిని తలచి కన్నీరు పెట్టుకొనువారు చెన్నపురిలో చాలమంది గలరు. నాకు వారితో పూర్తిగ ఏకీభావము లేదు. ఆ గదిలోనికి పోగలవా రెవరు? తెలిసినవారు, తెలిసినవారిచే తీసికొని రాబడినవారు. ధర్మపురినుండి ఒక బడిపంతులు సెలవుపెట్టి పోయినచో ఆ తలుపు తీయుదురా? సందేహమే. టిక్కెట్టు కొన్నవాని కందఱికిని తలుపు తీయునది సభామందిరము. గదికి రసమున్నది, మందిరమునకు న్యాయమున్నది. ఈ రెండును ఒకచోట కలుపుటెట్లు అనుటే చిక్కు.

మందిరములలో మనవారికి తొలిది విక్టోరియా పబ్లిక్ హాలు. దీని చరిత్రలో తెలుగువారి చేయి చాల యున్నది. 1883 డిసెంబరులో శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువు ఆనంద గజపతి మహారాజు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునకు కృతిపతి ఆయనయే. కట్టడపు రూపరేఖలు గీసినవాడు చిషోమ్ దొర. కట్టించిన గుత్తదారు తాటికొండ నంబెరుమాళ్ళ చెట్టిగారు. ఎఱ్ఱని యిటుకతో, గోపురముతో, రైలుస్టేషను ప్రక్కనే లేచిన యా మందిరమునకు విక్టోరియారాణి స్వర్ణోత్సవ సందర్భమున ఆమె పేరు పెట్టిరి. ఊరిబయటివారికి ఇది మిక్కిలి అనుకూలమైన తావు. ధర్మపురివారికి మదరాసు పోవుటకు మొరప్పూరే దారి. 1906లో అక్కడినుండి మన యూరికి చిన్న రైలుమార్గము వేసిరి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున దానిని ఎత్తివేసిరి. మొరప్పూరులో బండి యెక్కినవాడు సెంట్రల్ స్టేషనులో దిగిన తోడనే ఎదురుగ కనబడునది ఆ గోపురము. పట్టణములో బంధువు లేకున్నను, నాటకము చూచి, స్టేషనులో తెల్లవార్చి, మఱునాటి బండికి తిరిగి రావచ్చును.

ఆ మందిరమునకు నాటకకీర్తి వచ్చిన విధము మన చదువరులు మఱవదగినది కాదు. 1891లో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారి సరసవినోదినీ సభ బళ్లారినుండి చెన్నపురికి వచ్చి తెలుగునాటకము లాడినది. వేషములు వేసినవారు కూలికి ఆడువారు కారు, వకీళ్లు, ఉద్యోగులు. చూచినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారను పదునెనిమిదేండ్ల తమిళ యువకు డుండెను. అంతవరకు నాటకములన్న ఏవగించుకొనిన ఆయన ఆ ప్రదర్శనములు చూచి మనసు మార్చుకొనెను. ఆ యేటనే జూలైలో సుగుణ విలాస సభ పుట్టినది. చాలకాల మా సభ నాటకములకు నెలవు విక్టోరియా హాలే. తమిళమునకు గౌరవనీయమైన ఔత్సాహిక నాటకరంగ మిట్లు తెలుగు మాటలు విని ఏర్పడినది. దీనికి దశాబ్దము ముందు రాజమహేంద్రవరములో కథ తలక్రిందుగ జరిగినది. ధార్వాడ కంపెనీవా రాడిపోయిన పాకలోనే కందుకూరి వీరేశలింగముగారు తెలుగునాటకము లాడించిరి. ఒక భాషవాని పాకలో మరియొక భాషవాడు దీపము వెలిగించుకొనుట మన రంగస్థల చరిత్రలో ఆనవాయితీ. దానిని ఒక్కరి గొప్పగా చెప్పుకొనుట కుఱుచబుద్ధి.

ఇంతటి మందిరమునకును హద్దులు గలవు. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానందునకు స్వాగతపత్ర మిచ్చుటకు అక్కడ సభ చేసిరి. లోపల పట్టినవారికంటె వెలుపల నిలిచినవారే యెక్కువైరి. స్వామి లోపలినుండి బయటికి వచ్చి, బండి నెక్కి, చెదరియున్న జనముతో రథముమీది గీతాచార్యునివలె మాటాడవలసి వచ్చెను. మందిరము ఉపన్యాసమునకు చిన్నదైనది. అదే మందిరము జావళికి మిక్కిలి పెద్దది! గోడలు నాలుగున్నంత మాత్రాన అన్ని కళలకును ఒకే యిల్లు కాజాలదు.

విక్టోరియా హాలు పిమ్మట జార్జిటౌనులో ఆర్మీనియన్ వీథిని అనీబిసెంటమ్మగారు కట్టించిన గోఖలే హాలు వచ్చినది. హోమ్‌రూలు ఉపన్యాసములకు ప్రసిద్ధమైన యా హాలులో సంగీతసభలును జరిగెను. ధనమ్మాళ్ ఇల్లును ఆ హాలును ఒకే పేటలోనివి. జావళి వీథులు కొన్ని దాటి గదినుండి హాలునకు వచ్చినది. కాని అంతలో చాలదూరము నడచినది.

హాలులో మూడు మార్పులు జరిగినవి. ఒకటి గొంతు. వెనుక వరుసవానికి వినబడుటకై గాయకుడు స్వరము పెంచవలెను. పెంచిన స్వరముతో "సఖి" యని పిలిచిన రహస్యము చెప్పినట్లుండదు, చాటింపు వేసినట్లుండును. 1930 తరువాత మైకు వచ్చి ఈ కష్టము తీరునని యాశపడిరి. మైకు గొంతును పెద్దది చేసినది గాని దగ్గఱ చేయలేదు. రెండవది వేళ. మందిరమునకు తలుపులు మూయు గడియ యుండును. కచేరి దానికి లోబడవలెను. అరియక్కుడి రామానుజయ్యంగారు కచేరికి కూర్చిన క్రమము - వర్ణము, కృతులు, రాగము తానము పల్లవి, ఆ పిమ్మట చిల్లరపాటలు - ఈ గడియారమునకు తగిన మంచి క్రమము. ఆ విద్వాంసుని ఔచిత్యబుద్ధిని శంకించుట నా యుద్దేశము కాదు. కాని దాని ఫలముగ జావళి తోకకు పోయినది. తనియావర్తనము కాగానే లేచి చెప్పులు వెదకికొనువారి కాళ్ల చప్పుడులో జావళి పాడుట నేటికిని మనము చూచుచున్నదే. అప్పుడు పాడదగినది చుఱుకుగ, చిన్నదిగ, చప్పట్లు తెచ్చునదిగ నుండవలెను. పాపము, జావళి ఆ పనికి ఒప్పుకొన్నది. అనుపల్లవిని ఒక్కసారి యని, చరణములలో నొకదానిని వదలి, ముద్ర రాకముందే ముగించుటయు విన్నాను. ధర్మపురి పేరు అట్లు కత్తెరలో పోయినది.

మూడవ మార్పు కంటికి కనబడనిది. గదిలో వినువాడు పాడువారి ముఖము చూచును. కనుబొమ యొకింత లేచినచో "రా"లో కోపమో వేడుకయో తెలిసిపోవును. హాలులో ఆ కనుబొమ కనబడదు. అందుచే పాడువారును దానిని లేపుట మానిరి. అర్థము ముఖమునుండి పోయిన పిమ్మట గొంతునుండియు మెల్లగ పోయినది. ఒకానొక సభలో పేరుగల గాయకు డొకరు "అది నీపై" జావళిని నాయికయే పాడునట్లు దైన్యముతో పాడగా విన్నాను. చెలికత్తె మాట యని ఆయనకు ఎవరును చెప్పలేదు కాబోలు. చప్పట్లు మాత్రము బాగుగనే మ్రోగినవి. ఆ చప్పట్లలో తెలుగువారి చేతులును ఉండెను.

మందిరములోనే ఈ దూరమును జయించిన కళాకారిణి బాలసరస్వతి. 1918లో పుట్టి 1984లో గతించిన ఆమె పదమునకును జావళికిని అభినయము చేయుచు తానును పాడెడిది. నర్తకి ముఖమును, చేతిని చూచినవానికి ఎదుట నెవరున్నారో, చెలియో ప్రియుడో, "రా"కును "నే"కును గల భేదము తెలుగురానివానికిని కనబడును. గదిలో కనుబొమతో జరిగిన పనిని వేదికమీద ఒడలంతటితో చేయుట యన్నమాట. 1947లో దేవదాసీ నిషేధచట్టము వచ్చిన పిమ్మట, ఆ కుటుంబములవారు వేదికకు దూరమగుచున్న కాలమున, ఆమె ఈ పని సాగించినది. 1975లో తమిళ ఇశై సంఘమువారి సమ్మేళనమునకు అధ్యక్షత వహించి, నాట్యక్రమమును ఆలయముతో పోల్చి చెప్పినది. అలరింపు గోపురద్వారము, ఒక్కొక్క అంకము ఒక్కొక్క ప్రాకారము, పదము గర్భగృహము. సంగీతకచేరిలో తోకయైనది ఆమె నాట్యక్రమములో హృదయమైనది. ఒకే సాహిత్యము, ఒకే యూరు, ఒకే విధమైన మందిరము. ఉంచిన చోటు వేరైనందున ఇంత భేదము. లోపము జావళిది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

ఆ మాటలు చెప్పిన వేదిక ఏదో చూడుడు. తమిళ ఇశై సంఘము! 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయమున రాజా సర్ అణ్ణామలై చెట్టియారుగారి ప్రాపున తమిళపాటకు న్యాయము జరుగవలెనను ఉద్యమము లేచినది. 1943లో చెన్నపురిలో సంఘ మేర్పడినది. మన హోసూరు ప్రాంతపు తొరపల్లిలో పుట్టిన రాజాజీగారు దానికి అండగ నిలిచిరి. తెలుగువారు దీనిని తెలుగుమీద దండయాత్రగ తలచి నొచ్చుకొనిరి. నేటికిని కొందఱు నొచ్చుకొనుచునే యున్నారు. శాంతముగ విచారించిన వారి వాదమునందు న్యాయము కనబడును. టిక్కెట్టు కొని మూడుగంటలు కూర్చున్నవాడు తనకు తెలిసిన మాట యొకటైన వినగోరుట నేరమా? మాట తెలియని పాటకు తలయూచుట కంటె, మాట కావలెనని యడుగుట పాటమీద ఎక్కువ గౌరవము. నన్నడిగినచో, తెలుగుపాటకు కీడు చేసినది తమిళమును కోరిన తమిళుడు కాడు. తెలుగును కోరని తెలుగువాడు.

ఇచట ధర్మపురి తిరునాళ్లను కొంచెము చూడవలెను. ఈ ప్రాంతమున ద్రౌపదమ్మ గుళ్లముందు భారతము జరుగును. పగలు కథాప్రసంగము, రాత్రి తెరుక్కూత్తు. పదునెనిమిదవనాటి దుర్యోధనవధకు నేలమీద మట్టితో పెద్ద విగ్రహము చేసి పరుండబెట్టుదురు. ద్రౌపది జుట్టు ముడివేసికొనును. పిమ్మట నిప్పులు త్రొక్కుట. సరిహద్దుకు ఆవల కుప్పము, పలమనేరు దిక్కున ఇదే భారతము తెలుగున జరుగును. మన యూళ్లలో ఇంట తెలుగు మాటాడు ముసలమ్మ, తమిళమున ఆడు కూత్తుముందు తెల్లవార్లు కూర్చుండి, కట్టియక్కారన్ హాస్యమునకు అందఱితోబాటు నవ్వును. ద్రౌపది శపథమునకు అందఱితోబాటు చేతులు మోడ్చును. ఆమెకు అనువాదకు డక్కరలేదు. కిరీటము, భుజకీర్తులు, ముఖమున దట్టమైన రంగు, ముఖవీణ కేక - ఇవన్నియు బయలునకు, చీకటికి, వేయిమంది జనమునకు కొలిచి చేసినవి. వంద గజముల నుండియు దుర్యోధనుడు దుర్యోధనుడే. కావేరీతీరమున మేలట్టూరులో దీనికి ప్రతిబింబము కలదు. వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములు నృసింహజయంతి నాళ్లలో వరదరాజస్వామి సన్నిధిని తమిళగ్రామస్థుల యెదుట ఆడుచున్నారు. అచటివారికిని భాష అడ్డురాలేదు. ఏటేట అదే నాటకము చూచి చూచి మాట నేర్చిరి.

కూత్తు తన దూరమును తానెఱిగినది. మేలట్టూరు తన దూరమును నిలుపుకొన్నది. జావళి యొక్కటే తనది కాని దూరమున నిలుచుండి చలికి వణకుచున్నది. ముసలమ్మకు తమిళ కూత్తు తెలియుటకు కారణము భాషాజ్ఞానము కాదు. చిన్ననాటినుండి ఆ ముందువరుసలో కూర్చుండుట. మన పిల్లలను జావళిముందు ఎప్పుడు కూర్చుండబెట్టితిమి? ఇంట తెలుగు మాటాడు బాలునికి "మోడి" యనిన తెలియునో లేదో అడిగి చూడుడు. ఆ మాట ఇండ్లలో పోయిన నాడు పాటలోను పోవును. మందిరమును, మైకును, అయ్యంగారి క్రమమును నిందించి లాభము లేదు. దూరము రెండు విధములు. వేదికకు వరుసకు నడుమ దూరము మందిరము పెట్టినది. మాటకు చెవికి నడుమ దూరము మనము పెట్టుకొన్నది.

విక్టోరియా హాలు చాలయేండ్లు మూతపడి, పావురముల కిల్లై యుండెను. 2023లో నగరపాలక సంస్థవారు దాని పునరుద్ధరణమునకు పూనుకొనిరి. గోఖలే హాలు శిథిలమైనది. రామకృష్ణచెట్టి వీథి ఇంటి శుక్రవారములు కథలుగ మిగిలినవి. చెన్నపురివారు తమ మందిరములను తాము చూచుకొందురు. మన సంఘములు వారినిగూర్చి తీర్మానములు చేయుటకంటె తమ చేతిలో నున్న పని చేయుట మేలు. ఉగాదికి ప్రతియేట ఒక పెద్ద మండపము బాడుగకు తీసికొని, శబ్దయంత్రములు పెట్టి, సినిమాపాటల పోటీ జరుపుచున్నాము. దానిని మానుమనను, పిల్లలకది వేడుక. కాని అదే పండుగనాడు సాయంకాలము, సంఘమందిరములోని చిన్నగదిలో, ముప్పదిమందికి చాపలు వేసి, ఒక గాయనిని పిలిపింపవచ్చును. ప్రతి జావళికి ముందు ఎవరు ఎవరితో చెప్పుచున్నారో ఒక వాక్యము చెప్పవలెను. ఆ వాక్యము తమిళమునను చెప్పవలెను, ఏలననగా మన యిరుగుపొరుగువారును రావలెను. చరణము లన్నియు పాడవలెను.

మొదట కాపిలోని "పరులన్న మాట" మంచిది. చుట్టుప్రక్కలవారి మాటతో మొదలగును గనుక క్రొత్తగా వచ్చినవారు సులువుగ లోనికి వత్తురు. పిమ్మట చెలికత్తె రాయబారమైన యమునాకల్యాణి. ఆ పిమ్మట ఖమాసులో "మోడి". చెంచురుట్టిని చివర నుంచి, ముద్ర వచ్చు చరణమును రెండుమారులు పాడుమని గాయనిని ముందే అడిగి యుంచవలెను. మైకు అక్కరలేదు.